అంబాసిడర్‌కు నేను వేసిన బ్రేకులు

బ్రేకుల గురించి నాకు తెలియనిది లేదని సిద్దిపేటలో కొందరు అనుకునేవారు. వాళ్లందరికంటే ముందు నేనే అనుకున్నాను. ఇప్పుడిప్పుడే గ్యారేజీల్లో చేరుతున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, రిటైరైన ముసలాయన గొప్పలు మొదలుపెట్టాడని పేజీ తిప్పేయకండి. గొప్పలు చెప్పుకునే ముఖం నాకిప్పుడు లేదు.

నా సర్వీసంతా బస్సు డిపోలో, బ్రేకు సెక్షన్‌లోనే గడిచింది. డిపోలో ఎవరూ నన్ను పేరుతో పిలవలేదు. డ్రైవర్లు, కండక్టర్లు, చివరికి క్యాంటీన్‌లో చాయ్ పోసే ఆయన కూడా ‘బ్రేకు సారు’ అనేవారు. ఆ పిలుపు నాకెంత తలకెక్కిందంటే, ఇంట్లో మా ఆవిడ పేరు పెట్టి పిలిస్తే ఎవరినో పిలుస్తోందనుకునేవాణ్ని.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పక తప్పదు. బస్సు బ్రేకు గాలితో పనిచేస్తుంది. ఇంజిను తిరుగుతుంటే ట్యాంకుల్లోకి గాలి నిండుతుంది. డ్రైవరు పెడల్ తొక్కితే ఆ గాలి వెళ్లి చక్రాన్ని పట్టుకుంటుంది. అందుకే పొద్దున బండి స్టార్ట్ చేసి, గాలి నిండేదాకా ఆగి, అప్పుడు కదపాలి. పాత కార్లలో అలా కాదు. అక్కడ పైపుల నిండా నూనె ఉంటుంది. తొక్కిన బలాన్ని ఆ నూనె చక్రం దాకా మోసుకెళ్తుంది. అందులో ఒక్క గాలి బుడగ చేరినా మన బలమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా ఏమీ పోదు. అంటే బస్సుకు ప్రాణం పోసే గాలే కారు ప్రాణం తీస్తుంది. ఈ ముక్క నాకు ట్రైనింగులో చెప్పారు. పరీక్ష కూడా రాసి పాసయ్యాను. ఆ తర్వాత మళ్లీ దానితో పని పడలేదు.

మా డిపోలో ఒక డ్రైవరు ఉండేవాడు. నాకంటే ఒక ఏడాది చిన్న. నన్ను అన్నా అనేవాడు. సర్వీసంతా ఒక్క యాక్సిడెంటు లేదు. కుక్కపిల్ల కూడా అతని చక్రం కింద పడలేదని చెప్పుకునేవారు. కొత్తగా చేరిన డ్రైవర్లను అతని పక్కన కూర్చోబెట్టి పంపేవాళ్లు. అతనికి ఉన్న ఆస్తంతా ఆ పేరే. ఇల్లు కూడా చిన్నదే.

నేను రిటైరైన ఏడాదికి, తను రిటైరయ్యే ముందు, అతను కోహెడలో ఒక పత్తి షెడ్డులో మూలన పడి ఉన్న అంబాసిడర్‌ను కొన్నాడు. తెల్లది, కానీ తెలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. మా డిపోలో రిటైరైన మనిషిని పూలు కట్టిన కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి, ముందు బ్యాండు పెట్టి, అందరం నడుచుకుంటూ ఇంటిదాకా సాగనంపడం ఆనవాయితీ. అతను వెనక కూర్చోనన్నాడు.

“సర్వీసంత సర్కారు బండి నడిపిన అన్నా. ఆ ఒక్క దినం నా బండి నేనే నడుపుకుంట, మా ఇంటామెను పక్కన కూసోవెట్టుకొని పోత” అన్నాడు.

ఇంజిను బాగు చేయించాడు, రంగు వేయించాడు. మిగిలింది బ్రేకులు. పాత బస్టాండు దగ్గర కార్లు బాగుచేసే ఒక భాయ్ ఉన్నాడు, ఆయనకిస్తానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నేను సచ్చిన్నా? నేనుండంగ బ్రేకులు ఇంకోనికిస్తవా?” అన్నాను.

“అది కాదన్నా, గిది కారు గదా...”

“కారైతేంది, విమానమైతేంది? బ్రేకు బ్రేకే.”

అతను తాళం నా చేతిలో పెట్టాడు. ‘నాకు ఇది చెయ్యరాదు’ అని అనడానికి మూడు మాటలు చాలు. ఆ మూడు మాటలు నా నోట్లోంచి రాలేదు.

కారు మా ఇంటి ముందు పెట్టించుకున్నాను. సామాను హైదరాబాదు నుంచి తెప్పించాను. మాస్టర్ సిలిండరు, చక్రాల్లో ఉండే చిన్న సిలిండర్లు, వాటి రబ్బరు కప్పులు, పైపులు, లైనర్లు, అన్నీ కొత్తవే. డ్రమ్ములు విప్పి, బ్రేకు షూలు దించి, తుప్పు గీకి, లైనర్లు కూర్చోబెడుతుంటే వాడకట్టులో జనం నిలబడి చూశారు. ఆ పనిలో మాత్రం తప్పు లేదు. ఇనుము నాకు తెలుసు. నూనె దగ్గరే వచ్చింది తంటా.

నూనె పోశాక పైపుల్లో మిగిలిన గాలిని బయటికి తీయాలి. ఒకరు లోపల కూర్చొని పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు ఒక్కో చక్రం దగ్గర చిన్న మూత వదులు చేసి, బుడగలు రావడం ఆగేదాకా నూనె వదలాలి. ఓపిక పని. తొక్కడానికి మా ఆవిడను కూర్చోబెట్టాను. కుడుములు ఆవిరి మీద పెట్టి వచ్చిందట, ధ్యాసంతా వంటింట్లోనే ఉంది.

“ఇంకెంతసేపు తొక్కాలె? కాలు గుంజుతున్నది.”

“తొక్కమన్నప్పుడు తొక్కు, ఆపమన్నప్పుడు ఆపు.”

“డిపోల గూడ గిట్లనే మాట్లాడుతుంటివా? ఎట్ల వడ్డరో నీతోని.”

వెనక చక్రాలు రెండూ చేశాను. ముందువి కొంచెం చేశాను. ఆమె దిగిపోయాక నేనే ఎక్కి తొక్కి చూశాను. మొదటిసారి పెడల్ కిందిదాకా పోయింది. రెండోసారి సగం. మూడోసారికి రాయిలా గట్టిగా నిలబడింది. నాకు సంతోషమేసింది.

ఎందుకు సంతోషమేసిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. జీవితమంతా బస్సులో గాలి నిండేదాకా ఆగి, అప్పుడు బ్రేకు చూసుకున్నవాణ్ని. కాస్త ఆగితే పట్టుకునే బ్రేకు నాకు అలవాటు. రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడుతోందంటే కారు కూడా అలాగే కుదురుకుంటోందనుకున్నాను. నిజానికి లోపల గాలి ఉందని ఆ కారు నాకు చెబుతోంది. గాలి లేకపోతే మొదటి తొక్కుకే పట్టాలి.

సందులో అటూ ఇటూ నడిపి చూశాను. ప్రతిసారీ రెండు మూడు తొక్కులు తొక్కాను కాబట్టి బండి ఆగింది. డ్రైవరుకు తాళం ఇస్తూ చెప్పాను.

“మొదలు జర మెత్తగుంటది తమ్మీ. రెండుసార్లు తొక్కితే పట్టుకుంటది. కొత్త సామాను గదా, కుదురుకోవాలె.”

అతను నా ముఖంలోకి చూశాడు. “నువ్వు చెప్పినంక ఇంకేందన్నా” అన్నాడు.

రిటైర్మెంట్ రోజు సాయంత్రం డిపో గేటు దగ్గర తిరునాళ్లలా ఉంది. అంబాసిడర్ మీద బంతిపూల దండలు. అతని మెడలో తల తిరగనన్ని దండలు. అతని భార్య కొత్త చీర కట్టుకొని ముందు సీట్లో సర్దుకొని కూర్చుంది. మా ఫోర్‌మన్ మైకు పట్టుకొని, “గీ బండికి బ్రేకులు వేసింది ఎవలో ఎర్కేనా?” అని నన్ను ముందుకు లాగి నాకూ ఒక దండ వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను.

డ్రైవరు స్టీరింగ్ ముందు కూర్చొని ఒకసారి తల కిందికి వంచి, మళ్లీ ఎత్తి నా వైపు చూశాడు. నేను పోనీయమన్నట్టు చెయ్యి ఊపాను. బ్యాండు మొదలైంది.

కోమటి చెరువు పక్కనుంచి పోదామని ఫొటోలు తీసేవాళ్లు అన్నారు. కారు ముందు మా డిపో వాళ్లు చిందులేస్తున్నారు. కారు నడక వేగంతో వస్తోంది, క్లచ్చు మీదే వస్తోంది, బ్రేకుతో పనే లేదు. చెరువు దగ్గర రోడ్డు కొంచెం వాలుగా ఉంటుంది. అక్కడ ముందు ఎగురుతున్నవాళ్లు ఫొటో కోసమని ఒక్కసారిగా ఆగిపోయారు. అతను బ్రేకు తొక్కాడు. పెడల్ కిందికి పోయింది. రెండోసారి తొక్కే జాగా లేదు. ముందు మేమందరం ఉన్నాం. హ్యాండ్ బ్రేకు లాగుతూ స్టీరింగ్‌ను ఎడమకు తిప్పేశాడు.

ఎడమ పక్క మక్క కంకులు కాల్చి అమ్మే ఒకామె తోపుడు బండి ఉంది. కారు మెల్లగానే తగిలింది. కానీ బండి ఒరిగింది, నిప్పులు చెల్లాచెదురయ్యాయి, తప్పించుకోబోయి ఆమె కుడి చెయ్యి మీద పడిపోయింది. “అయ్యో, నా చెయ్యి” అన్న కేక బ్యాండును మించి వినిపించింది.

దవాఖానలో మణికట్టు పైన రెండుచోట్ల విరిగిందన్నారు. ఖర్చులు నేనూ డ్రైవరూ పెట్టుకున్నాం. ఆమె మంచం పక్కన అతను మెడలో దండలతోనే నిలబడ్డాడు, తీసేయాలన్న స్పృహ కూడా లేదు. నేను వరండాలో మా వాళ్ల ముందు గట్టిగానే చెప్పాను.

“గీ తప్పు ఆయనది కాదు. నేనేసిన బ్రేకు పడలే. పైపుల గాలి ఉన్నట్టుంది.”

ఫోర్‌మన్ నా భుజం మీద చెయ్యేశాడు. “మాకు తెల్వదా సారు? దోస్తు కోసం మీదేసుకుంటున్నవ్. నువ్వు ఏసిన బ్రేకు పడకుంటదా?”

“అరే, నిజంగనే చెప్తున్న.”

“నీ మనసు పెద్దది. ఊకో ఇగ.”

అంతే. ఎంత చెబితే అంత మంచివాణ్నయిపోయాను. నా సర్వీసంతా కష్టపడి సంపాదించుకున్న పేరు నా నిజానికి అడ్డం పడింది. టీ కొట్ల దగ్గర అతని గురించి ఏమనుకున్నారో నా చెవిన పడుతూనే ఉంది. “గన్నేండ్లు నడిపి, ఆఖరుకు పెండ్లాం పక్కన కూసుంటె ఆగమైండు.” “కండ్లు మసకలు వచ్చినయట, దాచిపెట్టిండట.” ఇంకొకడు, “ముందుగాల ఎన్ని గుద్దిండో, కప్పిపెట్టిన్రేమో” అన్నాడు. అవి విని నేను లేచి అరిచాను. ‘చూడు, ఎంత స్నేహమో’ అన్నట్టు చూశారు నన్ను. అతను ఇల్లు కదలడం మానేశాడు. పాల ప్యాకెట్‌కు కూడా భార్యనే పంపుతున్నాడని మా ఆవిడ చెప్పింది.

అప్పుడు వెళ్లాను పాత బస్టాండు భాయ్ దగ్గరికి, ముందే వెళ్లాల్సినవాణ్ని. జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

“మూడోసారికి గట్టివడుతుండెనా భాయ్?” అని అడిగాడు.

“అవు.”

“మరి గదే గదా పైపుల హవా ఉన్నట్టు” అన్నాడు, అంత చిన్న విషయం నాకు చెప్పాల్సి వచ్చినందుకు ఆయనే మొహమాటపడుతూ. నాకు తల కొట్టేసినట్టయింది.

మాటలతో నమ్మరు కాబట్టి చూపించాలనుకున్నాను. డ్రైవరు ఇంటి ముందు ఆ కారు అలాగే నిలబడి ఉంది, దెబ్బ తగిలిన చోట రంగు లేచిపోయి. ఒక ఆదివారం ఫోర్‌మన్‌ను, డిపోలో నోరున్నవాళ్లందరినీ అక్కడికి పిలిచాను. కంకులామెను కూడా పిలిచాను. ఆమె కూడా నిజం వినాలి కదా అనుకున్నాను. పైకి అంత బాధగా ఉన్నా, ఆ పిలవడంలో కొంచెం గొప్ప కూడా ఉంది నాకు. ఇంతమంది ముందు తప్పు ఒప్పుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుందని లోలోపల అనుకున్నాను. అది కూడా రాస్తున్నాను, సిగ్గు లేకుండా.

భాయ్‌ని తోడు తెచ్చుకున్నాను. ముందు ఒక్కొక్కరినీ ఎక్కించి పెడల్ తొక్కించాను. అందరి కాళ్లకూ అదే జరిగింది. మొదట కిందిదాకా, తర్వాత సగం, ఆ తర్వాత గట్టిగా. భాయ్ ముందు చక్రం దగ్గర కూర్చొని, మూతకు సన్నటి ట్యూబు తగిలించి, దాని కొస నూనె ఉన్న సీసాలో ముంచాడు. ఫోర్‌మన్‌నే తొక్కమన్నాను. సీసాలో బుడుబుడుమని బుడగలు వచ్చాయి. చాలాసేపు వచ్చాయి.

“సూసిన్రా?” అన్నాను. “గిది చెయ్యరాకుంటనే చేసిన. రాదని చెప్పనీకి నాకు నామోషీ అయింది. ఆయన పేరు ఖరాబైంది నా తోటి.”

ఫోర్‌మన్ దిగి తల గోక్కున్నాడు. అప్పటిదాకా అరుగు మీద కూర్చున్న డ్రైవరు లేచాడు. సంతోషిస్తాడనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కానీ గొంతు కోపంగా ఉంది.

“గివన్ని ఎవలు చెయ్యమన్నరు నిన్ను?”

“తమ్మీ, నీ తప్పు లేదని...”

“లేదా? గేటు కాడనే తెల్సింది నాకు. తొక్కితే కిందికి వోయింది. ఎన్నేండ్లు నడిపిన్నన్నా, నా కాలుకు తెల్వదా? డిపోల గట్లుంటే బండి ఆడనే ఇడిసిపెట్టి, దిగి వచ్చి నీ తోటి కొట్లాడేటోన్ని. గా దినం నీ మెడల దండ ఏసిన్రు. మైకుల నీ ముచ్చట చెప్పిన్రు. అంతమందిల, ‘అన్నా, నీ బ్రేకు మంచిగలేదు’ అని ఎట్లంట? నీ ఇజ్జత్ ఏం గావాలె? జర దూరమే గదా, మెల్లగ పోతనే ఉన్న గదా అనుకున్న. తెల్సి నడిపిన. తప్పు నాదే.”

అతను తల వంచి ఎత్తి నన్ను చూసిన చూపు అప్పుడు అర్థమైంది. అడుగుతున్నాడు నన్ను. నేను చెయ్యి ఊపి పంపించాను.

“కాదు, నాదే” అన్నాను.

“నాదన్నా.”

“అరే, ఏసినోన్ని నేను!”

“నడిపినోన్ని నేను!”

ఫోర్‌మన్ కళ్లు తుడుచుకున్నాడు. ఎవరో, “దోస్తులంటె గిట్లుండాలె” అన్నారు. ఇంకెవరో సెల్‌ఫోను తీసి ఫొటో పట్టబోయారు.

“అయిందా?” అని వినిపించింది వెనక నుంచి.

కంకులామె. చేతికి కట్టుతో, గోడకు ఆనుకొని నిలబడింది. ఆమెకు కుర్చీ వెయ్యాలని కూడా మాలో ఎవరికీ తోచలేదు.

“ఆయన ఇజ్జత్ పోతదని నువ్వు బండి ఆపలే” అంది డ్రైవరుతో. నా వైపు తిరిగింది. “నీ ఇజ్జత్ అడ్డమొచ్చి నువ్వు రాదని చెప్పలే. మంచిగనే ఉన్నది. మీ ఇద్దరి ఇజ్జతుల నడుమ ఇరిగింది నా చెయ్యి. వచ్చినప్పటి సంది ఇంటున్న, గీ చెయ్యి ముచ్చట ఒక్కలు తియ్యరేంది?”

ఫోను పట్టుకున్నవాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

“అమ్మా, దవాఖాన ఖర్సు మేము...” అన్నాడు ఫోర్‌మన్.

“ఇచ్చిన్రు. కాదన్నన్నా? పైసలు వచ్చి కంకులు కాలుస్తయా? ఎడమ చెయ్యితోని కంకి తిప్పుత. మరి బొగ్గులు ఇసిరేటోళ్లెవలు? గిరాకి మొత్తం పక్క బండికి వోతున్నది. మీరేమో గీడ నాదంటె నాదని కొట్లాడుతున్రు, ఆస్తి పంపకాలోలె.” ఆమె చెంగు సవరించుకుంది. “రేపు మాపటికి నా బండి కాడికి రాండ్రి. ఇద్దరు రాండ్రి. అప్పుడు సూద్దాం ఎవలిదో.”

వెళ్లాం. వెళ్లకపోతే ఏం ముఖం పెట్టుకొని ఊళ్లో తిరుగుతాం? నాకు విసనకర్ర ఇచ్చింది, అతనికి పొట్టు ఒలిచే పని ఇచ్చింది. కోమటి చెరువు దగ్గర సాయంత్రం సిద్దిపేట సగం ఉంటుంది. మా డిపో వాళ్లు పెళ్లాం పిల్లలతో వస్తారు. అతని బస్సులో ఏళ్ల తరబడి తిరిగిన ఊళ్ల వాళ్లు వస్తారు. బొగ్గుల వేడికి నా ముఖం ఎర్రబడుతుంది. వేడి లేకపోయినా ఎర్రబడేదే.

కొత్తగా వచ్చిన గిరాకీ ప్రతి ఒక్కరూ అడుగుతారు, “పనికి మనుషులను వెట్టుకున్నవా అక్కా?” అని. ఆమె కంకి తిప్పుతూ, కోపం గానీ నవ్వు గానీ లేకుండా, ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెబుతుంది. “వెట్టుకోలే. గీయన చెయ్యరాని పని చేసిండు. గాయన సక్కగలేని బండి నడిపిండు. నా చెయ్యి ఇరిగింది. ఉప్పు కారం ఎయ్యాల్నా?”

డ్రైవరు పేరు గురించి ఇప్పుడు టీ కొట్ల దగ్గర ఎవరూ మాట్లాడరు. నన్ను కూడా బ్రేకు సారు అనడం తగ్గించారు. కారుకు భాయ్ మళ్లీ బ్రేకులు వేశాడు. మొదటి తొక్కుకే పడుతున్నాయి. నేనే కూర్చొని తొక్కి చూశాను.

కట్టు విప్పిన రోజు ఆమె నా చేతిలోంచి విసనకర్ర తీసుకుంది. పని అయిపోయిందనుకొని నేను లేచాను. అతను కూడా ఒళ్లోని పొట్టు దులుపుకొని లేచాడు. ఆమె ఆ చేత్తో బొగ్గుల మీద కొంచెంసేపు విసిరింది. మధ్యలో ఆగింది. పళ్లు బిగించి మళ్లీ విసిరి చూసింది. తర్వాత విసనకర్ర నా ముందు పెట్టింది.

“ఇంకా నొస్తున్నది” అంది.

ఇద్దరం మళ్లీ కూర్చున్నాం.